రంగస్థల నటుడి ఫోన్‌కి నేరుగా చేరే అభిమానం

సినిమా హీరో పుట్టినరోజున విశాఖ కుర్రాడు ఒకడు పెట్టిన పోస్టుని ఆ హీరో చూస్తాడా? చూడడు. ఆయన ఖాతా చూసుకోవడానికి వేరే మనుషులుంటారు. లక్షల కామెంట్లలో అదొకటి. ఆ సంగతి పోస్టు పెట్టినవాడికీ తెలుసు. అదే కుర్రాడు పిఠాపురం కాలనీ కళాభారతిలో ఓ నాటిక చూసి, అందులో తండ్రి పాత్ర వేసినాయన ఫేస్‌బుక్ గోడ మీద నాలుగు ముక్కలు రాస్తే లెక్క వేరు. ఆ నాలుగు ముక్కలూ ఆయనే చదువుతాడు. మర్నాడు డ్యూటీకి వెళ్తూ బస్సులో ఇంకోసారి చదువుతాడు. ఇంట్లోవాళ్లకి చూపిస్తాడు. బాగోలేదని రాసినా, వెకిలిగా రాసినా అంతే. మధ్యలో ఎవరూ ఉండరు కాబట్టి అది నేరుగా ఆయనకే తగులుతుంది.

నాటక నటులతో సోషల్ మీడియాలో ఎలా మెలగాలన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. మనకి తెలిసిన అభిమానం పద్ధతులన్నీ సినిమా నేర్పినవి. ట్యాగులు, ట్రెండింగులు, ఎడిట్లు, అవతలి హీరో అభిమానులతో కామెంట్ యుద్ధాలు, ఇవన్నీ దూరాన ఉన్న ఒక బొమ్మని ఉద్దేశించి పుట్టినవి. వాటినే తెచ్చి, ఎంవీపీ కాలనీలో కూరగాయలు కొనుక్కుంటూ కనిపించే మనిషి మీద వాడితే ఫలితం ఒకేలా ఉండదు. దురుద్దేశం లేకపోయినా ఇబ్బంది తప్పదు.

విశాఖ నాటకరంగం చాలావరకు ఉద్యోగస్తుల నాటకరంగం. స్టీల్‌ప్లాంట్, పోర్టు, రైల్వే, బ్యాంకులు, ఎల్‌ఐసీ, బడులు, కాలేజీలు. వీటిలో పగలు పనిచేసి సాయంత్రాలు రిహార్సల్ చేసినవాళ్లే ఇక్కడి నాటక సమాజాలని నిలబెట్టారు. రాసినవాళ్లూ అంతే. ‘నిజం’ నాటకం రాసిన రావిశాస్త్రి వృత్తిరీత్యా ప్లీడరు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖ ఉంది, అక్కడ శిక్షణ పొంది వచ్చినవాళ్లూ ఉన్నారు. అయినా నాటకం ఒక్కదాని మీదే ఇల్లు గడుపుకునేవాళ్లు తక్కువ. పద్య నాటక కళాకారులు కొందరు, నాలుగైదు సమాజాలకి పాత్రలు వేస్తూ పరిషత్తులకి, అంటే నాటక పోటీలకి, తిరిగే నటీమణులు కొందరు, హార్మోనిస్టులు, మేకప్ వాళ్లు, అంతే. ఈ రెండు రకాల వాళ్లకీ సోషల్ మీడియాతో వచ్చే చిక్కులు వేరువేరు. ఉద్యోగస్తుడికి ఆఫీసులో పరువు సమస్య. నాటకమే జీవనాధారమైన మనిషికి తర్వాతి పిలుపు వస్తుందా రాదా అన్నది సమస్య.

1956లో డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు రేడియో, టీవీ ప్రేక్షకుల గురించి ఒక వ్యాసం రాశారు. రోజూ తెరమీద కనిపించే మనిషి తనకి బాగా తెలిసినవాడే అని ప్రేక్షకుడికి అనిపిస్తుందని, కానీ ఆ పరిచయం ఒకవైపు నుంచే ఉంటుందని వాళ్ల వివరణ. సోషల్ మీడియా వచ్చాక ఈ మాట అందరి నోటా నానుతోంది. నాటకం దగ్గరికొచ్చేసరికి దీనికి ఒక మెలిక పడుతుంది. ఇక్కడ పరిచయం పూర్తిగా ఊహ కాదు. ప్రేక్షకుడు మూడో వరసలో నవ్విన నవ్వు నటుడికి వినబడింది. ఆ నవ్వు కోసం ఆయన తర్వాతి డైలాగు ఒక క్షణం ఆపాడు. ఆ రాత్రి ఇద్దరి మధ్యా నిజంగానే ఏదో జరిగింది. అందుకే అభిమానికి ‘నేను ఆయనకి తెలిసినవాణ్నే’ అనే ధీమా సినిమా అభిమాని కన్నా తొందరగా వస్తుంది. ఆ ధీమాలో సగమే న్యాయం. ఆయనకి తెలిసింది హాలు మొత్తం నవ్వు. ఫలానా మనిషి ఎవరో, ఆ మనిషి అర్ధరాత్రి మెసేజ్‌కి జవాబు ఎందుకివ్వాలో ఆయనకి తెలియదు.

పాతకాలం ప్రేక్షకులు మర్యాదస్తులు, ఇప్పటివాళ్లే చెడిపోయారు అనే వాదన మాత్రం నిలవదు. పద్య నాటకాల రోజుల్లో అభిమానం చాలా గోలగా ఉండేది. ‘జెండాపై కపిరాజు’ పద్యం పూర్తికాకముందే వన్స్‌మోర్ కేకలు. రాయబారం సీనులో కృష్ణుడు పాడిన పద్యమే మళ్లీ పాడాలి, గొంతు ఉన్నా లేకపోయినా. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణుల్ని పెట్టి, ఎవరు బాగా పాడారో జనం పోల్చుకునేలా కాంట్రాక్టర్లు పోటీ పెట్టేవారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో నాటకం మధ్యలో స్టేజీ ఎక్కి నటుడి జుబ్బాకి నోటు గుచ్చి, మైకులో తమ పేరు చదివించుకునే అలవాటు ఇంకా ఉంది. స్త్రీ పాత్రలతో ప్రసిద్ధుడై 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు లాంటి వాళ్లని చూడటానికి జనం ఎంత ఎగబడేవారో పాత తరం చెప్పుకునేది.

అయితే ఆ గోలకి ఒక హద్దు ఉండేది. అది హాల్లోనో పందిట్లోనో, లైట్ల వెలుగులో, నలుగురి ముందు జరిగేది. అతి చేసినవాణ్ని పక్కనున్న పెద్దమనిషి ‘కూర్చోవయ్యా’ అనేవాడు. తెర పడితే అయిపోయేది. ఫోన్‌లో అభిమానానికి తెర పడదు. పక్కన కూర్చుని సర్దిచెప్పే మనిషీ ఉండడు. నటుడు ఇంటికెళ్లి స్నానం చేసి పడుకున్నాక కూడా అది కొనసాగుతూనే ఉంటుంది.

అన్నిటికన్నా చర్చించాల్సింది వీడియో సంగతి. నాటకం మొదలైన ఐదు నిమిషాలకి హాల్లో పది ఫోన్లు లేస్తాయి. తీసేవాళ్లలో ఎక్కువమంది ప్రేమతోనే తీస్తారు. నాటకానికి ప్రచారం లేదు, మనం తీసి పెడితే నలుగురు చూస్తారు కదా అనేది వాళ్ల ఆలోచన. అందులో కొంత నిజముంది. యూట్యూబ్‌లో ఎవరో ఎక్కించిన పద్య నాటకాల వల్లే దూరదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు ఎందరో ఆ పద్యాలు వినగలుగుతున్నారు. దీన్ని కొట్టిపారేయలేం.

కానీ నటన పరంగా చూస్తే ఫోన్ వీడియో చేసే నష్టం చిన్నది కాదు. గురజాడ కళాక్షేత్రం లాంటి పెద్ద హాల్లో నటుడు చిట్టచివరి వరస దాకా చేరేలా నటిస్తాడు. గొంతు పెంచుతాడు, చెయ్యి విశాలంగా ఊపుతాడు, ముఖం మీద మేకప్ గాఢంగా ఉంటుంది. మొదటి వరసలో కూర్చున్నవాడు ఫోన్‌ని జూమ్ చేసి ఆ ముఖాన్ని తెరంతా నింపి పెడితే, అది చివరి వరస కోసం చేసిన నటన అని చూసేవాడికి తెలియదు. కింద మొదటి కామెంటే ‘ఓవరాక్షన్’. రెండోది ‘సీరియల్లా ఉంది’. ఇరవై ఏళ్లుగా పరిషత్తుల్లో ఉత్తమ నటుడు బహుమతులు తెచ్చుకుంటున్న మనిషి, ముప్ఫై సెకన్ల ముక్కలో నటన రానివాడిలా కనబడతాడు. మాట సంగతీ అంతే. స్టేజీ మీద వేలాడే మైకుల నుంచి స్పీకర్లలోకి వచ్చి, హాల్లో ప్రతిధ్వనించి, ఫోన్‌లోకి దూరిన గొంతు అసలు గొంతు కాదు. అందులో పక్కసీటాయన దగ్గు మాత్రం స్పష్టంగా ఉంటుంది.

ఇంకో తేడా కూడా ఉంది. సినిమా నటుడు పది టేకులు చేసి, అందులో దర్శకుడు మెచ్చింది ఒకటి జనం ముందుకొస్తుంది. రంగస్థల నటుడికి ఆ రక్షణ లేదు. ఆ రాత్రి జ్వరంతో వేసి ఉండొచ్చు, ఎదుటి పాత్రధారి డైలాగు మింగేస్తే సర్దుకుని ఉండొచ్చు. రేపటి ప్రదర్శనలో ఆ తప్పు ఉండదు. ఒక నాటిక పరిషత్తు నుంచి పరిషత్తుకి వెళ్తూ మారుతుంది, పదునెక్కుతుంది. మొదటి ప్రదర్శనలో తీసిన ముక్క మాత్రం నెట్‌లో అలాగే ఉండిపోతుంది, అదే ఆ నటుడి చిరునామా అయిపోతుంది. ముగింపు సీను ముందే పెట్టేస్తే, అదే నాటికని వచ్చే నెల వేరే ఊళ్లో చూడబోయేవాళ్లకి కూడా అన్యాయమే. పరిషత్తు నాటికలకి చివరి మలుపే ప్రాణం.

వీడియో తీయడం అవతల నటిస్తున్నవాళ్ల మీద చూపే ప్రభావం గురించి బయటి దేశాల్లో బాగా చర్చ జరిగింది. 2015 ఆగస్టులో లండన్ బార్బికన్ థియేటర్‌లో హామ్లెట్ వేస్తున్న బ్రిటిష్ నటుడు బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్, ప్రదర్శన తర్వాత బయట గుమిగూడిన అభిమానులతో మాట్లాడాడు. ప్రేక్షకుల్లో రికార్డింగ్ ఎర్ర లైటు తనకి కనబడిందని, అది తనని ఎంత ఇబ్బంది పెట్టిందో చెప్పాడు. తను సోషల్ మీడియా వాడనని, ఈ విన్నపాన్ని మీరే అందరికీ చేరవేయమని అడిగాడు. అభిమానుల్ని తిట్టకుండా వాళ్లకే ఒక పని అప్పగించడం ఆ సందర్భంలో చూడదగ్గ తెలివి. 2022లో న్యూయార్క్‌లో ఇంకా దారుణం జరిగింది. ‘టేక్ మీ అవుట్’ నాటకంలో నటుడు జెస్సీ విలియమ్స్ నగ్నంగా కనిపించే సన్నివేశాన్ని ఎవరో దొంగతనంగా తీసి నెట్‌లో పెట్టారు. ఆ థియేటర్‌లో ప్రేక్షకుల ఫోన్లని సంచుల్లో పెట్టి తాళం వేసే ఏర్పాటు అప్పటికే ఉంది. అయినా ఆగలేదు. నటుల సంఘం దాన్ని తీవ్రంగా ఖండించింది.

మన దగ్గర చట్టం దీని గురించి మౌనంగా ఏమీ లేదు, చదివినవాళ్లే తక్కువ. కాపీరైట్ చట్టం 1957లోదే అయినా, ప్రదర్శకుల హక్కు అనేది 1994 సవరణతో వచ్చింది. నటులు, గాయకులు, నృత్యకారులతో పాటు గారడీవాళ్లు, పాములాడించేవాళ్లు కూడా ‘ప్రదర్శకుల’ కిందికే వస్తారు. 38వ సెక్షన్ ప్రకారం ఆ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. ప్రదర్శనని ఆడియోగానో వీడియోగానో రికార్డు చేసే హక్కు, దాన్ని జనానికి అందించే హక్కు ప్రదర్శకుడివి. 2012 సవరణ ఇంకో అడుగు వేసింది. తన ప్రదర్శన దగ్గర తన పేరు ఉండాలని అడిగే హక్కు, తన పరువు పోయేలా దాన్ని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు ఇచ్చింది. మరోవైపు, సొంతంగా చూసుకోవడానికి తీసుకున్న రికార్డింగు, పాఠం చెప్పడానికో పరిశోధనకో తీసింది, నిజాయితీగా రాసే సమీక్షలో చూపే చిన్న భాగం తప్పు కాదని 39వ సెక్షన్ చెబుతోంది. ఫోన్‌లో దాచుకోవడానికీ ఛానల్లో ఎక్కించి వ్యూస్ తెచ్చుకోవడానికీ మధ్య గీత అక్కడుంది. రచయిత హక్కు దీనికి అదనం.

పేరు సంగతి కాస్త ఆగి చూడాలి. యూట్యూబ్‌లో కనబడే పద్య నాటకం క్లిప్పుల్లో చాలావాటికి ‘సూపర్ పద్యం’, ‘అద్భుతమైన గాత్రం’ లాంటి శీర్షికలే. పాడింది ఎవరో రాయరు. హార్మోనియం వాయించినాయన సంగతి అసలే ఉండదు. ఆ క్లిప్పు లక్షమంది చూసినా ఆ కళాకారుణ్ని ఏ ఉత్సవ నిర్వాహకుడూ పిలవలేడు, ఎందుకంటే ఆయనెవరో తెలియదు. అభిమాని కళాకారుడికి చేయగల అతి పెద్ద సాయం ఈ ఒక్క పనే: నటుడి పేరు, పాత్ర, నాటకం, రచయిత, దర్శకుడు, సమాజం, ఊరు, తేదీ. రెండు లైన్లు. ఇది చేయకుండా హృదయం గుర్తులు ఎన్ని పెట్టినా ఒరిగేది లేదు.

ముక్కలు కోయడంలో ఇంకో ప్రమాదం పాత్రకీ మనిషికీ తేడా చెరిగిపోవడం. నాటకంలో దుర్మార్గుడు కులం పేరుతో తిడతాడు, ఆడవాళ్లని చులకన చేస్తాడు. అలా మాట్లాడించి, ఆ మాటలు ఎంత నీచమో చూపించడమే రచయిత ఉద్దేశం. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన కన్యాశుల్కంలో అగ్నిహోత్రావధాన్లు నోటి వెంట వచ్చే మాటల్ని విడిగా కోసి పెడితే ఎలా ఉంటుంది? పాత్ర పేరు లేదు, సందర్భం లేదు, నటుడి ముఖం మాత్రం ఉంది. తెలుగు నాటకాల చుట్టూ సామాజిక వర్గాల మనోభావాల గొడవ ఊహ కాదు. చింతామణి నాటక ప్రదర్శనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో నిషేధించింది. ఒక పాత్రని చూపించే తీరు తమని కించపరుస్తోందని ఒక సామాజిక వర్గం చేసిన ఫిర్యాదే దానికి కారణం. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. అలాంటి వాతావరణంలో సందర్భం లేని డైలాగు ముక్కని పెట్టే అభిమాని, తనకి తెలియకుండానే ఆ నటుణ్ని ఉద్యోగంలో, వీధిలో సంజాయిషీ చెప్పుకునే స్థితికి తెస్తాడు.

ఇక వాట్సాప్. నాటకాల వరకు అసలు సోషల్ మీడియా ఇదే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ తర్వాత సంగతి. ప్రతి ఊరికీ, ప్రతి సమాజానికీ, ప్రతి పరిషత్తుకీ ఒక గ్రూపు ఉంటుంది. నటుల నంబర్లు గ్రూపులో అందరికీ కనబడతాయి. పైగా ఆహ్వానపత్రాల మీద కూడా నంబరు అచ్చువేసే అలవాటు మనకుంది. నంబరు తెలిసింది కాబట్టి ఫోన్ చేయొచ్చు అనుకోవడం దగ్గరే చాలా వ్యవహారాలు చెడతాయి. రోజూ పొద్దున్నే పువ్వుల బొమ్మతో శుభోదయం, పండక్కి వీడియో, మధ్యలో రాజకీయం, అడక్కుండానే కొత్త గ్రూపులో చేర్చడం. పెద్దవయసు కళాకారులు మొహమాటంతో ప్రతిదానికీ నమస్కారం గుర్తు పెడుతూ కూర్చుంటారు. జవాబు రాకపోతే ‘పేరు రాగానే మారిపోయారు’ అని నిష్ఠూరం ఒకటి. ప్రదర్శన గురించి చెప్పాలంటే ఒక్క మెసేజ్ చాలు. అదీ పగటిపూట. జవాబు వస్తే సంతోషం, రాకపోతే చదివారనుకోవాలి. పద్య నాటకం ముగిసేసరికి అర్ధరాత్రి దాటుతుంది. మేకప్ తుడుచుకుని ఇల్లు చేరేసరికి ఇంకో రెండు గంటలు. ఆ సమయంలో ‘ఆన్‌లైన్‌లో ఉన్నారుగా’ అని అడగడం అభిమానం కిందికి రాదు.

నటీమణుల విషయానికొస్తే ఇది ఇబ్బంది స్థాయి దాటి భద్రత ప్రశ్న అవుతుంది. తెలుగు పరిషత్తు రంగంలో నటీమణులు తక్కువ, అవకాశాలున్న చోట్లు దూరం. రాత్రి బస్సులు, తెల్లవారుజాము రైళ్లు వాళ్లకి మామూలే. ‘మన అభిమాన నటి ఇప్పుడే ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగారు’ అని సెల్ఫీతో పోస్టు పెట్టేవాడికి అందులో తప్పేమీ కనిపించదు. ఒంటరిగా ఉన్న మనిషి ఏ సమయానికి ఎక్కడుందో, కొన్నిసార్లు ఏ లాడ్జిలో దిగిందో కూడా ఆ పోస్టు ఊరందరికీ చెబుతుంది. కలిసిన ఫోటో పెట్టాలనుకుంటే ఆమెని అడిగి, ఆమె ఆ ఊరు దాటాక పెట్టవచ్చు. ఒక రోజు ఆలస్యమైతే లైకులు తగ్గుతాయేమో, అంతకుమించి పోయేదేమీ లేదు.

వేసిన పాత్రని బట్టి నటి స్వభావాన్ని అంచనా కట్టే జబ్బు కూడా ఆమెకే ఎక్కువ తగులుతుంది. వేశ్య పాత్ర వేసిన నటి ఇన్‌బాక్స్‌కి వచ్చే మెసేజ్‌లు, అదే నాటకంలో విటుడి పాత్ర వేసిన నటుడికి రావు. పొగడ్త మాటున శరీరాన్ని వర్ణించడం, ‘మీరు పెళ్లయినవారా’ అని ఆరాతీయడం, కాదన్నా మళ్లీ మళ్లీ రాయడం, వీటికి అభిమానం అనే పేరు చెల్లదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద, ఒక స్త్రీ ఇష్టం లేదని స్పష్టం చేశాక కూడా మాటిమాటికీ సంప్రదించే ప్రయత్నం చేయడం, ఆమె ఇంటర్నెట్ వాడకాన్ని వెంటాడి గమనించడం నేరం. మొదటిసారికి మూడేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. చాలామంది కళాకారిణులు ఫిర్యాదు దాకా వెళ్లరు, బ్లాక్ చేసి ఊరుకుంటారు. ‘నాటకాల్లో ఉంటే ఇవన్నీ మామూలే’ అనే మాట ఇంట్లోంచే వస్తుందన్న భయం ఒకటి, ఇంట్లోవాళ్లు నాటకాలే మానిపిస్తారన్న భయం ఇంకొకటి. గ్రూపులో ఎవడైనా అలాంటి వ్యాఖ్య చేస్తే అడ్మిన్‌గా ఉన్న పెద్దమనిషి వెంటనే తీసేయించడం ఇక్కడ పనికొచ్చే మర్యాద. ‘పోనీండి, అభిమానంతో అన్నాడు’ అని సర్దిచెప్పడం వల్లే ఇది పెరిగింది.

పొగడ్తల్లో కూడా గుచ్చుకునేవి ఉన్నాయి. ‘ఇంత బాగా చేస్తారు, సినిమాల్లో ఎందుకు ట్రై చేయట్లేదండీ?’ రంగస్థల నటులు ఎక్కువసార్లు వినే ప్రశ్న బహుశా ఇదే. అడిగేవాడి మనసులో గౌరవమే ఉంటుంది. వినేవాడికి మాత్రం, ఇప్పుడు చేస్తున్నది అసలు పని కాదు, అసలు పని దొరికేదాకా చేస్తున్న కాలక్షేపం అన్నట్టు వినబడుతుంది. ‘మీకు రావలసినంత పేరు రాలేదు’ అనేది దానికి చెల్లెలు. అరవై దాటిన నటుడి ఫోటో కింద ‘కేక బ్రో’ అని రాయడం సంగతి సరే, అది నవ్వుకుని వదిలేయొచ్చు. ఎక్కువ మేలు చేసేది ఏదో ఒక వివరం పట్టుకుని రాసిన మెచ్చుకోలు. రెండో సీనులో ఉత్తరం చదివాక కళ్లజోడు తీసి తుడుచుకున్న తీరు బాగుంది అని ఒక్క వాక్యం రాస్తే, ఆ నటుడికి తను అనుకుని చేసిన పని అవతలికి చేరిందని తెలుస్తుంది. మార్చి 27న ప్రపంచ రంగస్థల దినోత్సవం, ఏప్రిల్ 16న కందుకూరి జయంతి సందర్భంగా తెలుగు నాటకరంగ దినోత్సవం. ఆ రెండు రోజులూ ఫీడ్ నిండా ఒకేలాంటి శుభాకాంక్షల బొమ్మలే తిరుగుతాయి. వాటి బదులు ఎవరైనా ఒక నటుడి గురించి ఐదు లైన్లు రాస్తే బాగుండునని నాటకం వాళ్లే అంటుంటారు.

గౌరవమంటే ఎప్పుడూ పొగడడమే అనుకోవక్కర్లేదు. నాటకానికి ఇప్పుడున్న కరువు నిజాయితీగల సమీక్షదే. పత్రికల్లో నాటక సమీక్షకి చోటు తగ్గిపోయాక ఆ ఖాళీని అభిమానులే పూరించగలరు. కథనం సాగింది, లైటింగ్ కుదరలేదు, ఫలానా పాత్రధారి గొంతు చివరిదాకా చేరలేదు అని రాయొచ్చు. రాయాలి కూడా. రూపం గురించి, వయసు గురించి, కుటుంబం గురించి, నత్తి గురించి రాయకూడదు. విమర్శ రాసి ఆ నటుడు పనిచేసే ఆఫీసు పేజీని ట్యాగ్ చేయడం మరీ అన్యాయం. అలాంటివి జరిగితే సెలవు పెట్టి నాటకాలాడే ఉద్యోగికి తర్వాత సెలవు దొరకదు. పొగుడుతూ ట్యాగ్ చేసినా అంతే. ‘మీ మేనేజర్‌గారి నటన అద్భుతం’ అని బ్యాంకు పేజీలో రాసేవాడికి, ఆ మేనేజర్‌గారు ఆ రోజు ఏం చెప్పి సెలవు పెట్టారో తెలియదు కదా.

పరిషత్తు ఫలితాలు వచ్చిన రాత్రి గ్రూపుల్లో జరిగేది మరో ముచ్చట. ఉత్తమ నటుడు బహుమతి మనవాడికి రాలేదని న్యాయనిర్ణేతల మీద విరుచుకుపడటం, గెలిచినాయన్ని ఎత్తిపొడవడం. తమాషా ఏమిటంటే ఆ ఇద్దరు నటులూ వచ్చే నెల ఇంకో సమాజంలో ఒకే నాటికలో అన్నదమ్ములుగా వేయొచ్చు. తెలుగు నాటకరంగం అంత చిన్నది. వాళ్ల మధ్య లేని పగని అభిమానులు పెంచితే, దాన్ని సర్దుకోవాల్సింది వాళ్లే.

జబ్బుపడ్డ కళాకారుల విషయంలో ఇంకాస్త ఆచితూచి ఉండాలి. పెన్షన్, బీమా లాంటి ఆధారం లేని వృద్ధ కళాకారులకి సాయం అవసరమవుతుంది. అభిమానుల గ్రూపులు నిజంగానే డబ్బు పోగుచేసి ఆదుకున్న సందర్భాలున్నాయి. అయితే ఆసుపత్రి మంచం మీద ముక్కుకి గొట్టంతో ఉన్న ఫోటోని యూపీఐ నంబరుతో పాటు వంద గ్రూపులకి తోలడం వేరు. జీవితమంతా దుర్యోధనుడి కిరీటంతో తలెత్తి నిలబడ్డ మనిషి జనానికి చివరిసారి ఎలా కనబడాలో ఆయనో ఆయన కుటుంబమో నిర్ణయించుకోవాలి. కుటుంబ సభ్యుల్ని అడిగి, వాళ్లు సరేనన్న మాటలతో, పాత్రలో ఉన్న పాత ఫోటో పెట్టి, వాళ్ల ఖాతా నంబరే ఇస్తే సాయం ఆగిపోదు. బతికున్నవాళ్లకి ‘నివాళి’ పోస్టులు పెట్టిన సందర్భాలూ ఉన్నాయి కాబట్టి, కన్ను మూశారన్న వార్త వచ్చినా కుటుంబం చెప్పేదాకా ఆగడం మంచిది.

ఇదంతా అభిమానుల మీదే తోసేస్తే సరిపోదు. నిర్వాహకులు చేయగలిగింది చాలా ఉంది, ఖర్చు లేనిదే. కళాభారతిలోనో, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలోనో, ఉక్కునగరంలోనో నాటకం మొదలయ్యే ముందు మైకులో చెప్పే నాలుగు మాటల్లో ఫోన్ల గురించి సూటిగా చెప్పవచ్చు. సైలెంట్‌లో పెట్టమనడంతో ఆపకుండా, వీడియో తీయవద్దు, చివర్లో ఫోటోలకి సమయం ఇస్తాం అంటే జనం వింటారు. పరిషత్తుల్లో తెర పడ్డాక పాత్రధారుల్ని పరిచయం చేసే అలవాటు ఎలాగూ ఉంది. ఆ సమయంలో హాల్లో లైట్లు వేసి, అందర్నీ వరసగా నిలబెట్టి రెండు నిమిషాలు ఇస్తే అడిగినవాడికి అడిగినంత ఫోటో. ఆహ్వానపత్రం మీద నటుల నంబర్లకి బదులు సమాజం నంబరు ఒక్కటే వేస్తే సగం ఫోన్లు అక్కడే ఆగుతాయి. ఆ రాత్రికే ఒకటో రెండో మంచి ఫోటోలు, సమాజం ఒప్పుకున్న ఒక నిమిషం వీడియో, కింద హార్మోనిస్టు, మేకప్, లైటింగ్ వాళ్లతో సహా పేర్లన్నీ తప్పుల్లేకుండా టైప్ చేసి గ్రూపులో పెడితే, అభిమానులు దాన్నే కాపీ చేసి పంచుకుంటారు. అందరి పేర్లూ సరిగ్గా రాయడానికి సమాజం కార్యదర్శికి పట్టేది పావుగంట.